వాకిట్లో గీసిన స్నానాల గది

మా స్నానాల గది ప్లాను చూడటానికి రాజమండ్రి నుంచి ఇద్దరు ఇంజినీర్లు కారు వేసుకుని వచ్చారు. చూసి మాట రాక నిలబడిపోయారు. "ఇంత ఇరుకులో ఇంత సదుపాయం మేమెక్కడా చూడలేదండి" అన్నారు.

ఇద్దరు కాదు, ఒక్కరే. కారు కాదు, మోటారు సైకిలు. పక్కింటివారి అల్లుడుగారు, ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో పని. అత్తగారింటికి తాళం వేసి ఉంటే మా వాకిట్లో ఆగారు. నేలమీద నేను గీసినదాన్ని చూసి "ఇదేం ముగ్గండి బాబాయిగారూ?" అన్నారు. మాట రాక నిలబడింది మాత్రం నిజమే, దాన్ని తొక్కకుండా బండి ఎటు తిప్పాలో తెలియక.

మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి కాలు కొంత స్వాధీనమైంది, వాకర్ పట్టుకుని నడుస్తుంది. కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న వస్తువులా పడి ఉంటుంది. మా స్నానాల గది వంటింటికీ ప్రహరీ గోడకీ మధ్య మిగిలిన సందు. మోచేతులు పక్కకి ఎత్తితే రెండు గోడలూ తగులుతాయి. తూర్పు చివర గుమ్మం. అక్కడ ఒక మెట్టు దిగాలి, తలుపేమో లోపలికి తెరుచుకుంటుంది. వాకర్ గుమ్మంలోనే ఇరుక్కుంటుంది, తలుపు పడదు. అందుకని స్నానం నేనే చేయిస్తున్నాను. నేను నీళ్ళు పోస్తుంటే ఆవిడ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా ఎదుట స్నానం చేసింది లేదు. నాకు బాధ కలగాలి. కలగలేదు. సబ్బు అరిగిపోయింది, కొత్తది తియ్యాలి అనుకున్నాను, అంతే. ఆవిడని ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న దగ్గర్నుంచీ నాలోపల అంతా అలాగే ఉంది, ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకుంటే తిమ్మిరెక్కిన చెయ్యిలాగ.

తాపీమేస్త్రీని పిలిపించాను. గోడలు కొలిచి చూసి పెదవి విరిచాడు.

"జరపటానికి జాగా లేదండి. ఇటు వంటిల్లు, అటు ప్రహరీ. మెట్టు తీసేసి నేల సమం చేద్దాం. తలుపు బయటికి తెరుచుకునేలా పెడదాం. ఇంకా అమ్మగారికేం కావాలో చెప్పండి."

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ మంచం మీంచి చెప్పింది. ఇప్పుడు మాట కాస్త ముద్దగా వస్తుంది గాని, ఆ మాట మాత్రం తేటగానే వచ్చింది.

"లోపల గడియ."

"గడియ వద్దన్నారే డాక్టరుగారు" అన్నాను.

"ఎప్పుడన్నారు?"

"నువ్వు నిద్రపోతున్నప్పుడు."

డాక్టరు గడియ ఊసే ఎత్తలేదు. మేస్త్రీ టేపు చుట్టుకుంటూ నేలచూపులు చూశాడు. "ఆయ్, మీరూ మీరూ ఒక మాట అనుకోండి. నేను రేపొస్తానండి" అని వెళ్ళిపోయాడు.

కాగితం మీద గీస్తే ఆవిడకి అర్థం కాదని వాకిట్లో గీయటానికి పూనుకున్నాను. నిజానికి కాగితం మీద గీస్తే అర్థం కానిది నాకు. ఆవిడ పడిపోయిన దగ్గర్నుంచీ ఎవరూ ముట్టని ముగ్గుపిండి డబ్బా తీసి, గది ఎంతుందో అంత మేరా నేలమీద గీతలు పోశాను. గీతలు వంకరగా వచ్చాయి. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి చూస్తూ, కుళాయీ, బకెట్ పెట్టే గట్టూ, పట్టుకునే కడ్డీ, అన్నీ ఎడమవైపు గీశాను, ఆవిడకి ఆడేది ఎడమ చెయ్యే గనక. గట్టు గీసిన చోట రెండు ఇటుకలు పేర్చి ఖాళీ బకెట్ పెట్టాను, లోపల ఒక చెంబు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేశాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఆవిడ వాకర్‌తో మెల్లిగా వచ్చి, ముగ్గు గుమ్మంలోంచే లోపలికి వచ్చి, తూర్పుకి తిరిగి కూర్చుంది. బకెట్ కుడివైపుకి పోయింది. ఆవిడ బకెట్‌నీ, ఒళ్ళో ఉన్న చేతినీ చూసి, నన్ను చూసింది.

"ఎటు తిరిగి పోసుకోమంటారు నన్ను?"

"పడమటికి తిరుగు. నీళ్ళకేం తెలుస్తుందే?"

"పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తూర్పుకి తిరిగే పోసుకున్నాను. చెయ్యి పడిపోయిందని దిక్కు కూడా మార్చుకోవాలా?"

కాలితో చెరిపేసి, అన్నీ రెండో గోడ వైపు మళ్ళీ గీశాను. ఆవిడ "ఇంకాస్త ఇటు, మరీ అంత కాదు" అంటూ జరిపించింది. అన్నీ కుదిరాక, "ఇక మీరు బయటికి వెళ్ళండి" అంది. గీత దాటి ఇవతలికి వచ్చాను. వాకర్ పట్టుకుని లేచి, ఎడమ చెయ్యి చాపి, లేని తలుపుకి లేని గడియ వేసింది. మళ్ళీ కూర్చుని, ఖాళీ బకెట్‌లో చెంబు ముంచి, తలమీదుగా ఎత్తి ఒంపుకుంది. మళ్ళీ ముంచింది. పట్టపగలు, ఒంటిమీద చీరతో, నడి వాకిట్లో.

ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడిపోయింది. "ఏంటండీ వదినగారూ, నీళ్ళు లేకుండానే తలంటుకుంటున్నారు?"

"మీ అన్నయ్యగారు కట్టిన గదండీ. నీళ్ళింకా రాలేదు."

ఎదురింటావిడ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాలి. నవ్వు రాలేదు. ముగ్గుపిండి డబ్బాకి మూత పెట్టి లోపలికి వెళ్ళాను.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. "గడియ సంగతేం చేశారండి?" అన్నాడు.

"పెట్టెయ్యి. కిందకి పెట్టు, ఆవిడ ఎడమ చేతికి అందేలాగ" అన్నాను. డాక్టరుగారి పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆవిడ తలుపు వేసుకుని, తనంతట తనే స్నానం చేస్తోంది. ఆ కాసేపూ నేను నిశ్చింతగా వీధరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాను.

ఇంతవరకూ రాసి ఆవిడకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని వింది. చివరి వాక్యం దగ్గర తెరిచింది.

"పేపరెక్కడ చదివారు? తలుపుకి చెవి ఆనించి నిలబడతారు. చెంబు చప్పుడు కాస్త ఆగితే చాలు, 'ఏమే, ఉన్నావా?' అని కేక. నేను నీళ్ళు పోసుకోవాలా, మీకు జవాబు చెప్పుకోవాలా? అరుగు మీదట, నిశ్చింతట! ఆ ముక్క కొట్టేసి, ఉన్నది రాయండి."