పెదనాయన ఇంటి ప్రాసెసర్ ఎలా చచ్చిపోయిందంటే

మొన్న ఆదివారం మా ఇంట్లోని పాత కంప్యూటర్ పొట్ట విప్పాను. వయసులో అది మా చిన్నవాడికి అన్న. ప్రాసెసర్ పోయింది, పారేసి కొత్తది కొనుక్కోండి సార్ అన్నారు నెల్లూరులో దుకాణంవాళ్లు. నేను వినలేదు. అలాంటిదే ఒక పాత ప్రాసెసర్ వెతికి తెచ్చుకొని, నేనే మారుద్దామని కూర్చుని, ఫ్యాను ఊడదీసి దాని కింది అల్యూమినియం దిమ్మెను ఎత్తానో లేదో, మాడిన దుమ్మూ, పెచ్చులు కట్టిన పేస్టూ, ఎక్కడో ఒక పిసరు సముద్రపు ఉప్పూ కలిసిన వాసన గుప్పుమంది. మా ఆవిడ ముక్కు మూసుకొని వంటింట్లోకి పారిపోయింది. నాకు మాత్రం పదకొండో ఏట రగిలి, ఆరిపోయిందనుకున్న కుళ్లు మళ్లీ రాజుకుంది.

తోటపల్లి గూడూరు దాటాక మా ఊరు. మాదీ మా పెదనాయనదీ ఒకే గోడకు అటొకటి ఇటొకటి ఇళ్లు. ఇటువైపు మేము వరి, అటువైపు వాళ్లు రొయ్యలు. వరి మాకు ఏటా ఇంత అన్నం పెట్టేది. రొయ్య ఒక్క పంటతో పెదనాయనకు కిరీటం పెట్టింది. ఆ కిరీటధారి నెల్లూరు వెళ్లి, నాకంటే ఏడాది పెద్దదైన కూతురు వసంత కోసం కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. అది కారులో వచ్చింది. మూడు పెట్టెల్లో వచ్చింది. పెద్దమ్మ హారతి ఇచ్చి, గుమ్మడికాయ తిప్పి పగలగొట్టి, కొత్త కోడలినైనా అంత మర్యాదగా తీసుకురారనిపించేట్టు లోపలికి తీసుకుపోయింది. ఎనభై వేసవులు చూసిన మా నాయనమ్మ ముందున్న టేబుల్ ఫ్యానును ఆ సాయంత్రమే దానివైపు తిప్పేశారు. నాయనమ్మకు తాటాకు విసనకర్ర మిగిలింది. కాళ్లు కడుక్కొని, చేతులు వెనక్కి కట్టుకొని, గడప ఇవతల నిలబడి చూడటం వరకే నాకు అనుమతి. పైగా పెద్దమ్మ నాకు చేతినిండా పులిబొంగరాలు పెట్టేది. ప్రేమ అనుకునేవాణ్ణి. నూనె చేతులతో ముట్టుకోడులే అన్న ధైర్యమని తర్వాత అర్థమైంది.

ఆ ఏడాది రొట్టెల పండక్కి వెళ్లి, నెల్లూరు దర్గా చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కంప్యూటర్ రొట్టె కావాలని గొంతు చించుకున్నాను. కోరిక తీరినవాళ్లు అదే కోరిక ఉన్నవాళ్లకు రొట్టె ఇస్తారు కదా; చదువు రొట్టెలు, ఇంటి రొట్టెలు, ఉద్యోగం రొట్టెలు గుట్టలుగా ఉన్నాయి గానీ నా రొట్టె లక్షమందిలో ఒక్కరి దగ్గరా లేదు. చివరికి ఒక ముసలమ్మ నా అరుపులకు జాలిపడి పెళ్లి రొట్టె చేతిలో పెట్టింది.

వేసవి మధ్యాహ్నాల్లో నేను గోడ పక్కన చాప వేసుకొని పడుకొని, అవతల కంప్యూటర్ లోపలి ఫ్యాను గుర్రుమనడమూ, వసంతక్క వేళ్లు టకటకమనడమూ వింటూ కుళ్లుకునేవాణ్ణి. ఒకనాడు ఆ గుర్రు గరగరగా మారింది, కీచుమంది, ఆగిపోయింది. టకటక మాత్రం ఆగలేదు. మా పెదనాయన చెవులు మామూలు చెవులు కావు. అరమైలు దూరాన రొయ్యల గుంటలో గాలి కొట్టే ఏరియేటర్ చక్రం ఆగిందంటే, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా పరిగెత్తేవాడు. అంతటివాడికి ఇంట్లో ఆగిన ఫ్యాను వినపడలేదు. నాకు వినపడింది. గోడ మీద ఒక్క దెబ్బ కొట్టి చెబితే సరిపోయేది. నేను అటు తిరిగి పడుకున్నాను. మూడో రోజుకు టకటక కూడా ఆగింది.

రేడియోల నుంచి రొయ్యల గుంటల మోటార్ల దాకా అన్నీ బాగుచేసే మస్తానన్న వచ్చి, పెట్టె విప్పి, నల్లగా కమిలిన ప్రాసెసర్‌ను పైకెత్తి చూపించాడు.

"ఏంది రెడ్డన్నా, గుంటలో చక్రం ఆగితే ఊరు దాటి పరిగెత్తే మనిషివి, ఇంట్లో ఇంత ఫ్యాను ఆగితే వినబళ్ళా?"

పెదనాయన ఆ అవమానం తట్టుకోలేక కూతురి మీద పడ్డాడు. "పొద్దస్తమానం దాని ముందరే కూసోని కాల్చేసినావు గదే!"

వసంతక్క తల వంచుకొని నిలబడింది. నేను గడప ఇవతల పులిబొంగరం నముల్తున్నాను. అది అయ్యాక ఇంకోటి అందుకున్నాను.

కొత్త ప్రాసెసర్ మద్రాసు నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. మొదటి రెండు రోజులు నాకు స్వర్గం. మూడో రోజు వసంతక్క మా పిల్లల గుంపుతోపాటు ఊరి కాలవ దగ్గరికి వచ్చి, దారానికి ఎండుచేప తల కట్టి నీళ్లలోకి వదిలి, బెల్లం అచ్చంత ఎండ్రకాయను లాగింది. నేను మూడు వేసవుల్లో పట్టినవి మొత్తం నాలుగు. అవన్నీ కలిపినా దాని ఒక్క కాలికి సరిపోవు. సాయంత్రానికల్లా నా సైన్యమంతా ఆమె వెనక చేరింది. బిళ్లంగోడులో నా కర్ర ఆమెకిచ్చేశారు. దేవుడా, ఆ ప్రాసెసర్‌ను త్వరగా పంపించు అని నేనే మొక్కుకోవలసి వచ్చింది.

వచ్చింది. అడుగున బంగారు మొలకల్లాంటి కాళ్లు చూసి పెద్దమ్మ కుంకుమ భరిణె తెచ్చింది.

"దానికి పెట్టబాకక్కా, పైన డబ్బాకి పెట్టుకో," అని మస్తానన్న అడ్డం పడి, చిన్న మీట ఎత్తి, మూలనున్న గుర్తు చూసుకొని, వేలితో నొక్కకుండా దానంతటదే కూర్చునేట్టు వదిలి, తమలపాకుకు సున్నం రాసినంత సుతారంగా పేస్టు రాసి, కొత్త ఫ్యాను బిగించాడు. తెర వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేను అందరికంటే గట్టిగా. వసంతక్క కొట్టలేదు. మెల్లగా వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఎంత గర్వమో అనుకున్నాను.

మొన్న ఆదివారం నా ప్రాసెసర్ కూడా అలాగే మూలకు మూల కుదురుకొని కూర్చుంది. తెర వెలగగానే, నాయుడుపేటలో ఉంటున్న వసంతక్కకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లు దాచింది ఇక దాచలేక, ఫ్యాను ఆగడం నాకు వినపడిందక్కా, కుళ్లుతో చెప్పలేదు అన్నాను.

అవతల ఒకటే నవ్వు. "ఒరే అబ్బయా, గోడవతల ఉన్న నీకే వినపడితే, ముందర కూసోనున్న నాకు వినబళ్ళేదా?"

"మరి చెప్పలా?"

"ఎందుకు చెప్తా? కాలవకాడ మీ అరుపులు వింటా ఆ గదిలో ఏడ్చేదాన్ని. అది కాలిపోతే నన్ను బయటికి వదుల్తారని, నాయనకి వినపడకుండా టేబుల్ ఫ్యాను మూడో నంబర్లో పెట్టి కూసున్నా. ఆ మూడు వారాలే రా నా చిన్నతనం."

ఆ కాలవ ఇప్పుడు లేదు, రొయ్యల గుంటల్లో కలిసిపోయింది. రెండిళ్ల మధ్య గోడ కూడా లేదు, ఇళ్లే లేవు. ఎండుచేప తల దారానికి కట్టే ముడి ఎలా వేయాలో ఇప్పుడు మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. అవన్నీ పోయినా, తోటపల్లి గూడూరు తీరం మొత్తంలో ఒక కంప్యూటర్‌ను మౌనంతో చంపిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని లోపల్లోపల ఒక గుర్తింపు ఉండేది నాకు. అదీ ఆమెదేనట. నేను ఉత్త సాక్షినట.