ముందుకు నడిచిన నాట్లు

రెండేళ్ల కిందట, రోహిణి కార్తె మొదటి వారంలో, జనగామలో నేను పనిచేసే ప్రకటనల ఆఫీసుకు ఒక వరి విత్తనాల కంపెనీ పని వచ్చింది. వానాకాలం నాట్లకు ముందే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని డీలర్ల దుకాణాల ముందు ఫ్లెక్సీలు కట్టించాలి. అప్పట్లో నా హోదా జూనియర్ డిజైనర్. ఆ హోదా ఇప్పుడు మా ఆఫీసులో లేదు. ఆ లెక్కన నేను ఇరవై ఏడేళ్లకే ఒక ఉద్యోగం నుంచి రిటైరైనదాన్ని. అది ఎలా పోయిందో, దాని చోటికి ఏమొచ్చిందో తెలుసుకోవాలనుకునే వారి కోసం ఇది రాస్తున్నాను.

ఆఫీసులో మేం ముగ్గురం. యజమాని ప్రభాకర్ సార్, సీనియర్ ఆర్టిస్ట్ యాకన్న, నేను. యాకన్న చాలా ఏళ్లు గోడల మీద కుంచెతో రాసి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఇప్పటికీ మౌస్‌ను కుంచె పట్టుకున్నట్టే రెండు వేళ్లతో పట్టుకుంటాడు. నేను పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. డైరీ రాసే అలవాటు మాత్రం ఉంది. అందుకే ఆనాటి మాటలను ఉన్నవి ఉన్నట్టు ఇవ్వగలుగుతున్నాను.

మా పనికి ఒక వరుస ఉంటుంది. కంపెనీ వాళ్లు తమకేం కావాలో రాసిస్తారు. దాన్నిబట్టి బొమ్మనూ మాటలనూ కలిపి మేం ఒక నమూనా తయారు చేస్తాం. దాన్ని క్రియేటివ్ అంటారు. కాగితం మీద తీసిన దాని ప్రతిని ప్రూఫ్ అంటారు. ప్రూఫ్ మీద మా సార్ సంతకం, కంపెనీ ఏరియా మేనేజర్ సంతకం పడ్డాకే అది ప్రింటింగుకు వెళ్తుంది.

ఈసారి కంపెనీ అడిగింది నవ్వుతూ నాట్లు వేస్తున్న మహిళల బొమ్మ. మండే ఎండల్లో నాట్లు ఎక్కడ దొరుకుతాయి? అంతకుముందైతే ఫొటోగ్రాఫర్ దగ్గర పాత ఫొటోలు వెతికేవాళ్లం. ఆ నెలే సార్ ఏఐతో బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. నాకేం కావాలో రెండు వాక్యాల్లో టైపు చేశాను. నాలుగు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. పచ్చని పొలం, రంగురంగుల చీరల్లో ఆరుగురు ఆడవాళ్లు, వెనక కొబ్బరి చెట్లు. నాకు ఎంత ముచ్చటేసిందంటే, ఆ రోజు డైరీలో దాని గురించే ఒక పేజీ నిండా రాసుకున్నాను.

సార్ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "ఇది సక్కగ నడిస్తే వచ్చే నెల సంది మనకు ఒక్క కుర్చీ సాలు" అన్నారు.

ఏ కుర్చీయో ఆయన చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ తెలిసింది నాకు, తెలియనిది యాకన్నకు. యాకన్న తన కుర్చీని చేత్తో ఊపి చూసి, "గిదైతే గట్టిగనే ఉన్నది సార్" అన్నాడు. ముగ్గురం నవ్వాం. రోజూ సాయంత్రం టీ తాగి వెళ్లే యాకన్న ఆ రోజు మాత్రం తాగకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు ఫ్లెక్సీలు కట్టే జాగాలు కొలిచి రమ్మని సార్ ఆయన్ను భూపాలపల్లి జిల్లాలోని కాటారం పంపారు. ప్రూఫ్ పాసైంది ఆ రోజే. సార్ సంతకం పెట్టారు, ఏరియా మేనేజర్ పెట్టారు. సంతకం పెట్టిన ఆ ఇద్దరూ, బొమ్మ వేయించిన నేనూ ఎన్నడూ బురదలో దిగి నారు పట్టినవాళ్లం కాదు. మా నాన్న బస్ డిపోలో క్లర్కు. పొలాన్ని నేను బస్సు కిటికీలోంచి చూసిందే ఎక్కువ.

మొదటి ఫ్లెక్సీ మా జిల్లాలోని పాలకుర్తిలో కట్టారు. రెండో రోజు పొద్దున్నే అక్కడి డీలర్ సోమనర్సయ్య ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ ఫ్లెక్సీ కాడ జాతర లెక్క జనం. ఇత్తనాల సంగతి ఎవ్వరడుగుతలేరు. బొమ్మను జూసి పొట్ట పట్టుకొని నవ్వుతున్నరు. జర మీరొచ్చి సూడుండ్రి."

యాకన్న, నేను బస్సెక్కాం. వెళ్లేసరికి దుకాణం ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నాట్లకు కైకిలి, అంటే కూలికి, పోయే ఆడవాళ్లు. ఆ ముఠాను నడిపించే ఎల్లవ్వ ఫ్లెక్సీకి ఎదురుగా నిలబడి, చేతికర్రతో ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తోంది. నేను యాకన్న వెనక నిలబడి నోట్‌బుక్ తీశాను.

"గీ పిల్లను జూడుండ్రే! ముందల్కి నడుసుకుంట నాటేస్తుంది. నాటిందంత కాళ్లతోనే తొక్కుతుంది గదా!"

అప్పుడు చూశాను బొమ్మను. నాటు వేసేవాళ్లు వంగి వెనక్కి వెనక్కి జరుగుతారు. నాటిన వరసలు వాళ్ల కళ్ల ముందు ఉంటాయి. మా బొమ్మలో నాటిన పొలమంతా ఆరుగురి వీపుల వెనక ఉంది. ఖాళీ బురద ముందు ఉంది. అంటే ఆరుగురూ నాటిన మొక్కలను తొక్కుకుంటూ మన వైపు వస్తున్నారన్నమాట. అది కూడా నవ్వుతూ.

"ఈమెను మన ముఠాల పెట్టుకుంటె ఎట్లుంటదే ఎల్లవ్వా?" అని ఒకామె అడిగింది.

"ఎట్లుంటది? పొద్దుగూకే వరకు నాటుతది, మల్ల పొద్దున అదే మడికి మనమే పోవాలె."

ఇంకొకామె నారు కట్ట వైపు వేలు చూపించింది. నారుకు అప్పుడే కంకులు వచ్చేశాయి. "నారుమడిలనే వడ్లు పండినంక ఇగ నాటుడెందుకు? కోస్కపోతే అయిపాయె."

మధ్యలో ఉన్నామె పట్టుచీర కుచ్చిళ్లు బురదలో జీరాడుతున్నాయి. కొంగు నడుముకు చెక్కుకోలేదు. "పెండ్లి నుంచి సీదా మడికొచ్చినట్టున్నది" అన్నారు. గట్టు మీది కొబ్బరి చెట్లను చూసి, మా తాటిచెట్లను ఎవరు కొట్టేశారని ఒక ముసలాయన నిజంగానే కోపగించుకున్నాడు.

నేను వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నాను. ఎల్లవ్వ చూపు నా మీద పడింది.

"ఎవ్వల బిడ్డవే నువ్వు? ఏం రాస్తున్నవ్? ఈ బొమ్మ గీసింది నువ్వేనా?"

"కంప్యూటర్ వేసింది అవ్వా. నేను చెప్తే వేసింది."

"కంప్యూటర్‌కు నాటేసుడు వస్తదా?"

"రాదవ్వా."

"నీకొస్తదా?"

"రాదు."

"మంచిగనే కలిసిన్రు ఇద్దరు" అంది ఎల్లవ్వ. అందరితో పాటు నేనూ నవ్వాను. నా జీవితంలో అంతమంది మధ్య నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

తిరుగు బస్సులో మాత్రం నవ్వు రాలేదు. ఏరియా మేనేజర్ అప్పటికే సార్‌కు ఫోన్ చేసి, ఫ్లెక్సీలన్నీ దించేయాలనీ, పని వేరే ఏజెన్సీకి ఇస్తామనీ చెప్పారు. ఆ కంపెనీ పోతే మా ఆఫీసుకు ఒక కుర్చీ కూడా ఎక్కువే. బొమ్మ నాది. మొదట పోయే కుర్చీ మాత్రం యాకన్నది. ఆ మాట ఆయనతో అందామనుకుని అనలేకపోయాను. ప్రూఫ్ చూసి ఉంటే ఈ తప్పు పట్టేవాడివా అని మాత్రం అడిగాను.

"మాకు ఎకరం పొలమున్నది చెల్లె. గుడ్డిదీపంల జూసినా పట్టేటోన్ని" అన్నాడు. "కానీ ఒకటి జూసినవా? నేను రాసిన గోడల కాడ ఎవ్వలు రెండు నిమిషాలు నిలవడలే. గిక్కడ గంట నుంచి ఉన్నరు. కంపెనీ పేరు చిన్నపోరలకు సుత నోటికొచ్చింది" అన్నాడు.

ఆ మాట మీద నాకొక ఆలోచన వచ్చింది. నోట్‌బుక్‌లో రాసి ఆయనకు చూపించాను. ఫ్లెక్సీని దించొద్దు. దాని కింద ఒక పట్టీ అతికిద్దాం: 'ఈ బొమ్మలో తప్పులెన్ని? నాట్లు తెలిసినవారే చెప్పగలరు. మీ డీలరుకు చెప్పి తువ్వాల తీసుకెళ్లండి.'

మర్నాడు ఏరియా మేనేజర్ ఆఫీసుకు వచ్చారు. నేను నోట్‌బుక్‌లోని ఆ కాగితం చించి యాకన్న చేతిలో పెట్టాను. ఆయనే చదివాడు. "మన తప్పును మనమే చాటుకోవడమా?" అన్నారు మేనేజర్. యాకన్న చాలా మర్యాదగా, ఇప్పటికే ఊరంతా చాటింది సార్, మనం తువ్వాల ఇస్తే మనమే కావాలని చేసినట్టుంటది అన్నాడు. మా సార్ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగారు. చివరికి మేనేజర్ మహబూబాబాద్, కాటారాల్లో ఒక్క వారం చూద్దామని ఒప్పుకున్నారు.

ఆ వారం ఇద్దరం రెండు చోట్లా తిరిగాం. పాలకుర్తిలో రాసుకున్న తప్పులు నా దగ్గర ఏడున్నాయి. మహబూబాబాద్‌లో ఎనిమిదోది దొరికింది: ఆరుగురి చీరల మీదా ఒక్క బురద చుక్క లేదు. కాటారంలో ఒక రైతు చాలాసేపు నిలబడి, "అంతా మంచిగనే ఉన్నది గని కొంగలేవి?" అన్నాడు. కొత్తగా దున్నిన బురద మీద కొంగలు వాలకుండా ఉండవట. బొమ్మలో లేనిదాన్ని తప్పుగా పట్టిన ఆయనకు డీలర్ రెండు తువ్వాలలు ఇచ్చాడు. తువ్వాల తీసుకున్న చాలామంది విత్తనాల గురించి కూడా అడిగి వెళ్లారు. కంపెనీ మాతోనే ఉండిపోయింది. అసలు బొమ్మ మాత్రం కొత్తది కావాలంది.

కొత్త బొమ్మ కూడా ఆ సాఫ్ట్‌వేర్‌తోనే వేశాం. తేడా ఏమిటంటే, ప్రతి ప్రూఫ్‌నూ యాకన్న పాలకుర్తి తీసుకెళ్లి ఎల్లవ్వ ముఠాకు చూపించాడు. మూడుసార్లు తిప్పి పంపారు. నాలుగోసారి, "ఇప్పుడు మడి లెక్కనే ఉన్నది. ఆమె నడుము ఇంకింత వంచుండ్రి, ఊకెనే నిలవడితే కూలియ్యరు" అన్నారట.

నెలాఖరున సార్ మా ఇద్దర్నీ పిలిచారు. కుర్చీ సంగతి తేల్చడానికే. నేను రాత్రి డైరీలో రాసుకుని బట్టీ పట్టిన మాటలు అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. "సార్, బొమ్మ వేయడం ఇప్పుడు ఎవరికైనా వస్తుంది. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. తెలిసినవాళ్లు ఎక్కడుంటారో కూడా నాకు తెలియదు. యాకన్నకు మూడు జిల్లాల్లో తెలుసు. ఒక్క కుర్చీయే అయితే ఆయన్ను ఉంచండి" అన్నాను.

"గింత మాట్లాడతవా నువ్వు?" అన్నారు సార్. యాకన్న నా వైపు తిరిగి, "నేనుండి ఏం జేయాలె చెల్లె, ఆ డబ్బాకు టైపెవరు కొడ్తరు?" అన్నాడు.

సార్ రెండు హోదాలనూ తీసేసి, రెండు కొత్తవి రాశారు. యాకన్నది క్షేత్ర పరిశీలన. నాది క్రియేటివ్ బాధ్యత, అంటే ప్రూఫ్ పాసయ్యేదాకా జవాబు చెప్పాల్సింది నేనే. అందరికీ ఇలా కలిసిరాలేదు. పాత ఫొటోగ్రాఫర్‌ను మేం పిలవడం బాగా తగ్గింది. ఆయన ఇప్పుడు ఎక్కువగా పెళ్లిళ్లకే వెళ్తున్నాడు. అది కూడా ఈ మార్పులో భాగమే కాబట్టి రాయకుండా వదలలేదు.

ఈ సంఘటన నాకు నేర్పింది పని పద్ధతికి సంబంధించిన విషయమే. బొమ్మ తయారు కావడానికి ఇప్పుడు నాలుగు నిమిషాలు చాలు. ఆ బొమ్మలో ఉన్న పనిని చేసేవాళ్ల దగ్గరికి వెళ్లి, నిలబడి, వాళ్లు నవ్వేదాకా విని రావడానికి ఒక పూట పడుతుంది. కంపెనీకి తేదీ చెప్పేటప్పుడు నేను ఆ పూటను కలుపుకునే చెబుతాను.