దుప్పటి మీద చెయ్యి

పెడనలో వీరలక్ష్మత్త కలంకారీ అచ్చులు వేసే బల్ల దగ్గర మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయాక అమ్మ తీసుకొచ్చి అక్కడ నిలబెట్టింది. నేను మాట్లాడేది తక్కువ. నా వాటా కూడా కలిపి అత్తే మాట్లాడుతుంది.

అత్తకు యాభై ఆరేళ్ళు. పన్నెండో ఏట అచ్చు పట్టింది. ఎరుపు కోసం మేము గుడ్డ మీద అద్దేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. అద్దినప్పుడు పెద్దగా ఏమీ కనిపించదు. కాలవలో జాడించి, రంగు కాగులో ఉడికించాకే ఎరుపు తేలుతుంది. అంతవరకూ అది ఎలా వస్తుందో అత్త వేళ్ళకే తెలుసు. ఆ వేళ్ళ గోళ్ళు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. అచ్చు మీద గుద్దీ గుద్దీ కుడిచేతి అంచు కాయ కాసింది.

గుడివాడ బట్టల కొట్టు గోవర్ధనరావు గారు పోయిన వేసవిలో నలభై దుప్పట్లు కావాలన్నారు. ముందు ఒకదాని ఫోటో పంపమన్నారు. అత్త అంచు పట్టుకుంటే నా కొత్త ఫోనుతో నేనే తీశాను. ఫోటోలో ఎరుపు పండుమిరపకాయలా మెరిసింది. నేనెంత బాగా తీశానో అనుకున్నాను. ఆయన దాన్ని తన వాట్సాప్ గ్రూపులో పెట్టి ఆర్డర్లు తీసుకున్నారు. దుప్పట్లు చేరిన రెండు రోజులకే ఫోను వచ్చింది.

“ఇదేంటండీ వీరలక్ష్మి గారూ, చూపించింది ఒకటీ పంపింది ఒకటీనా? కొన్నవాళ్ళు తిప్పి పంపుతున్నారు. ఫోటోలో రంగు నాకు కావాలి. కెమికల్ రంగు కొట్టించి ఇవ్వండి, లేదంటే అన్నీ పట్టుకెళ్ళండి. మీ ఎరుపు అబద్ధమని ఇక్కడ అందరూ అనేస్తున్నారు.”

అత్త ఫోను పెట్టేసింది.

“ఏదీ, ఆ ఫోటో చూపించు.”

చూపించాను. అత్త రంగు వైపు చూడలేదు. దుప్పటి అంచు వైపు చూసింది.

“ఈ చెయ్యి ఎవరిదే?”

“నీదే అత్తా.”

“నాదా? పెళ్ళికూతురి చెయ్యిలా ఉందే! నా గోళ్ళ నలుపేదీ? కాయేదీ?”

కెమెరా సెట్టింగులన్నీ వెతికాను. రంగులు పెంచేది ఒకటి, చర్మం నున్నగా చేసేది ఒకటి, రెండూ ఆన్‌లో ఉన్నాయి. నేను పెట్టలేదు. ఫోనే అలా వచ్చింది. అత్తకు చూపించి, రెండూ ఆపేశాను.

“అబద్ధమాడింది ఇదా? ఇది ఆడిన అబద్ధానికి నేను రంగు మార్చాలా? పద గుడివాడ.”

కొట్టులో గోవర్ధనరావు గారు, ఆయన భార్య సుమలత గారు ఉన్నారు. అత్త గల్లా బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద చెయ్యి పెట్టింది. నా ఫోను పక్కన పెట్టించింది.

“ఫోటోలో చెయ్యి చూడండి. నా చెయ్యి చూడండి. ఏది నిజమో చెప్పండి.”

ఆయన ఇబ్బందిగా నవ్వారు. “అందరూ ఫోటో చూసే కదండీ కొనేది.”

అత్త నా వైపు తిరిగింది. ఈసారి నేనే చెప్పాను. “ఫోటో తీసింది నేనండీ. ఫోనే రంగు పెంచింది. చూసుకోకపోవడం నా తప్పు. దుప్పటిది కాదు.”

“ఫోను దానంతటది రంగు పెంచుతుందా అమ్మాయ్?” అన్నారాయన.

సుమలత గారు పకపకా నవ్వేశారు. “అందుకా మీరు డీపీలో పాలకోవాలా ఉంటారు! మా చెల్లెలు అడుగుతూనే ఉంది, బావగారు ఏ క్రీము రాస్తారని.”

ఆయన తన డీపీ తెరిచి చూసుకున్నారు. తర్వాత అద్దంలో చూసుకున్నారు.

“కొత్త ఫోటో తీద్దాం. ఆ పాతది గ్రూపులోంచి తీసేయండి,” అంది అత్త.

ట్యూబులైటు కింద కాదు, ఎండలోనూ కాదు, గుమ్మం నీడలో దుప్పటి పట్టుకున్నాం. రంగు వేయని తెల్లగుడ్డ ముక్కొకటి పక్కన పెట్టాను. అది ఫోటోలో నీలంగానో పచ్చగానో కనిపిస్తే మళ్ళీ తీయాలి. అత్త చెయ్యి పెట్టింది.

“చెయ్యెందుకండీ మధ్యలో, మరకలతో?”

“చెయ్యి ఉంటేనే దుప్పటి ఉంటుంది. వద్దంటే ఇప్పుడే మూట కట్టేస్తాను.” అత్త మడతపెట్టడం మొదలుపెట్టింది కూడా.

“ఉంచండి, ఉంచండి,” అన్నారాయన.

కొత్త ఫోటో చూశాక గ్రూపులో కొందరు కొనకుండా తప్పుకున్నారు. ఈసారి అమ్ముడైన పాతిక మాత్రం ఒక్కటీ తిరిగి రాలేదు. మిగిలిన పదిహేను అత్త వెనక్కి తెప్పించుకుంది గానీ, రంగు మార్చలేదు.

మొన్న నా ఫోను అప్‌డేట్ అయింది. దుప్పట్లు అడిగిన కోడూరు వాళ్ళకు పంపాల్సిన ఫోటో తీసి అత్తకిచ్చాను. ముందు చెయ్యి చూసుకుంది.

“మళ్ళీ పెళ్ళికూతుర్ని చేసిందే నన్ను. ఆపు దాన్ని!”

ఆపి, మళ్ళీ తీశాను.