బండికి నీళ్ళు తాగించిన మేస్త్రి

మొన్న ఆదివారం పొద్దున పామర్రు నుంచి ఫోను వచ్చింది. మా లారీ బాగుచేసే మేస్త్రి గారు నిద్రలోనే వెళ్ళిపోయారట. నేను అయిదో తరగతితో ఆపినవాణ్ణి, రాయడం పెద్దగా రాదు. అయినా ఆయన గురించి మీకు నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను. దిగులుగా రాద్దామని కూర్చుంటే సంతోషమే పొంగుకొస్తోంది. నా జన్మకల్లా గొప్ప రోజు ఆయన చేతిమీదుగా వచ్చింది మరి.

తొంభైల చివర్లో మాట. మా అమ్మాయికి అవనిగడ్డ అవతల ఒక పల్లెటూరి బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. కాగితం ఆలస్యంగా అందింది. మర్నాడు బడి వదిలేలోగా వెళ్ళి చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. "బస్సులో వెళ్దాం నాన్నా" అంది. నేను వింటేనా! నా లారీలో, ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తానన్నాను. ఆ సంబరంలోనే గుడివాడలో బండి కడిగి, రేడియేటర్లో పాత నీళ్ళు వదిలేసి, కాలవ నీళ్ళు బకెట్లతో గబగబా పోసి మూత బిగించాను.

మర్నాడు అమ్మాయితో బయల్దేరి పామర్రు చేరేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. మేస్త్రి షెడ్డు ముందు ఆపాను. ఆయన నన్ను పలకరించకుండా నేరుగా వెళ్ళి రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి పెట్టారు.

"ఇంజను మండిపోతంది, గొట్టం చల్లగా ఉంది. లోపల గాలి ఇరుక్కుంది, నీళ్ళు తిరగట్లేదు. ఎట్టా పోశావు బావా?"

"బకెట్లతో."

"పొయ్యకూడదయ్యా, తాగించాలి. కూతురికి ఉద్యోగం వచ్చిందని బండిని ఉక్కిరిబిక్కిరి చేశావు."

అంతలో అవనిగడ్డ బస్సు వచ్చి ఆగింది. అది పోతే తర్వాతి బస్సుకి బడి వదిలేస్తారు. ఎక్కెయ్యమ్మా అని అమ్మాయిని తొందరపెట్టాను. అది ఆయన వైపు తిరిగింది.

"మావయ్యా, టైముకి అవుద్దా?"

"ఇంజను చల్లారాలి, ఆ తర్వాత అరగంట. అవుద్దమ్మా. మీ నాన్న తొందరపెట్టకపోతే."

బస్సు వెళ్ళిపోయింది. అమ్మాయి కదల్లేదు. నా గుండె మాత్రం ఆ బస్సెక్కి వెళ్ళిపోయింది.

మన డెల్టాలో మిట్ట ఎక్కడుంటుంది? బండి చల్లారాక కాలవ వంతెన ఎక్కే దారి మీద, ముందుభాగం పైకి ఉండేలా నిలబెట్టించారు. గాలి పైకే వెళ్తుందిగా, దానికి దారి చూపించాలన్నారు. పైనున్న, గాలి వదిలే చిన్న స్క్రూ వదులు చేసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా చెంబుతో సన్నటి ధారగా నీళ్ళు పోశారు. బుడగలు వచ్చాయి. మళ్ళీ చెంబు, మళ్ళీ బుడగలు. మధ్యమధ్యలో గొట్టం పిసికేవారు.

"చాలేమో మేస్త్రీ?" అన్నాను.

"నువ్వు కాసేపు మాట్లాడకు బావా, నన్ను విననీ."

చివరికి ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్ళు తిన్నగా వచ్చాయి. స్క్రూ బిగించి, మూత పెట్టి, కాసేపాగి అమ్మాయిని పిలిచారు. "ఇప్పుడు ముట్టుకోమ్మా." అది గొట్టం మీద వేలు పెట్టి చటుక్కున లాగేసుకుంది.

"కాలుతోంది!"

"అదే కావాల్సింది."

ఎన్ని బళ్ళు చేసినా బాగు చేశానని ఆయన ఒక్కసారీ అనలేదు. "బండి బానే ఉంది, మనమే తొందరపడ్డాం" అనేవారు. ఆ "మనం"లో తననీ కలుపుకునేవారు. తప్పు చేసినవాణ్ణి ఒంటరిగా నిలబెట్టని మనిషి.

ఆ రోజు తను కూడా బండెక్కారు. చల్లపల్లి, మోపిదేవి దాటేదాకా నేను ముల్లునే చూస్తుంటే, ఆయన పక్కన హాయిగా కునుకు తీశారు. ముల్లు నడిమధ్య నుంచి జరగలేదు.

బడి వదలడానికి ఇంకా గంట టైముంది. హెడ్మాస్టరు గారు రిజిస్టరు మా అమ్మాయి ముందుకు జరిపారు. నేను మేస్త్రిని లోపలికి రమ్మన్నాను. మసి చేతులు చూపించి వద్దన్నారు. అమ్మాయి సంతకం పెడుతుంటే తల తిప్పాను. కిటికీ చువ్వల అవతల ఆయన, ఎక్కడా మసి అంటకుండా చేతులు వెనక్కి కట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, ఆ పేరులో చివరి అక్షరం పూర్తయ్యేదాకా రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు.