అట్ట మాస్టారు

మా స్కూల్లో టైపు మిషన్లు మూలపడ్డాక టైపు మాస్టారు మిగిలిపోయారు. మిషన్లని పాత ఇనుముకి వేసేశారు గానీ మనిషిని వేయడం కుదరదు కదా. అందుకని ఆయనకి మెట్ల కింద గది ఇచ్చి, తలుపు మీద ‘కెరీర్ గైడెన్స్’ అని రాయించారు. టైపు తప్ప ఇంకో పని ఎరగని మనిషి, పదో తరగతి పిల్లల్లో ఎవరు ఏ పనికి పనికొస్తారో తేల్చి చెప్పడం మొదలుపెట్టారు. పక్క గదిలో జీవశాస్త్రం చెప్పుకునే నేను పదకొండేళ్లు ఆ వేడుక ఉచితంగా చూశాను.

పై ఆఫీసు వాళ్లు ఆయనకి ఒక పెట్టె పంపారు. అందులో అరవై ప్రశ్నల కాగితాలూ, నాలుగు రంగుల వరసల్లో చిల్లులు పొడిచిన ఒక అట్టా. పిల్లలు టిక్కులు పెట్టిన కాగితం మీద ఆ అట్ట ఆనించి చూడాలి. ఏ రంగు వరసలో ఎక్కువ టిక్కులు కనిపిస్తే ఆ రంగు పనే ఆ పిల్లకి రాసిపెట్టి ఉన్నట్టు. ఎరుపు పనిముట్లు, ఆకుపచ్చ మొక్కలూ జంతువులూ, నీలం నలుగురితో మాట్లాడే పనులు, పసుపు కాగితాలూ లెక్కలూ. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని “పసుపు” అంటే జడ్జిగారు తీర్పు చెప్పినట్టే ఉండేది. పిల్లలు ఆయనకి అట్ట మాస్టారని పేరు పెట్టారు.

తీర్పులు కూడా అలాగే ఏడ్చేవి. చెట్ల మధ్యే తిరుగుతూ, నోరు విప్పాలంటే వణికే పిల్లాడికి నీలం వచ్చింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే అమ్మాయి, బల్లి కనబడితే బెంచీ ఎక్కే రకం, ఆకుపచ్చ పట్టుకుని ఇంటికెళ్లింది. ఇదేమిటి మాస్టారూ అంటే, “పైకి కనిపించేది వేరు, లోపల ఉండేది వేరు మేడమ్. అట్ట లోపలికి చూస్తుంది” అనేవారు. నాకు ఒళ్లు మండేది. పిల్ల ఎదురుగా కూర్చుని ఉంటే దాని మొహం చూడకుండా అట్ట చిల్లుల్లోకి చూసే మనిషిని ఏమనాలి?

అయినా కొంపలేం మునగలేదు. తల్లిదండ్రులు ఆ ఫలితం మీద బుద్ధిగా సంతకం పెట్టి, పిల్లల్ని ముందే అనుకున్న కాలేజీలో చేర్పించేవారు. పక్కింటి వాళ్లబ్బాయి ఏం చదివితే మనవాడూ అదే. నేను మాత్రం తక్కువ తిన్నానా? మావాడి కాగితం మడిచి బీరువాలో పడేశాను.

ఆ పదకొండేళ్లలో అట్ట మాట తు.చ. తప్పకుండా విన్నది ఒక్కరే, మాస్టారి కూతురు. పదేళ్ల వయసులో ఇంట్లో మిక్సీ విప్పి మళ్లీ బిగించిన పిల్ల. వీధిలో ఎవరి ఫ్యాను ఆగినా స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేది. మోటార్ల పని నేర్పే కోర్సుకి దరఖాస్తు కూడా తెచ్చుకుంది. అట్ట పసుపు అంది. “ఊళ్లో వాళ్ల పిల్లలకో న్యాయం, నా కూతురికో న్యాయమా?” అంటూ మాస్టారు ఆ దరఖాస్తు చించేశారు. ఇప్పుడా పిల్ల బీమా ఆఫీసులో పొద్దుట నుంచి సాయంత్రం దాకా కాగితాల మీద స్టాంపులు వేస్తోంది.

ఈ ఏడు పరీక్షకని పెట్టె తీస్తుంటే దాని అడుగు ఊడి, మడత కూడా విప్పని కాగితం ఒకటి కింద పడింది. అట్ట ఎలా వాడాలో అందులో ఉంది. ‘ఎర్ర వరస పైకి ఉండాలి’ అన్నది మొదటి వాక్యం. మాస్టారు ఇన్నేళ్లూ పసుపు పైకి పెట్టి చూశారు. పనిముట్లు ఇష్టమన్న వాళ్లంతా కాగితాల్లో తేలారు.

ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కూతురి పాత జవాబుల కాగితం కూడా తన గది బీరువాలోంచి వెతికి తెచ్చుకున్నారు. నా బల్ల మీదే అట్ట తిప్పి పెట్టారు. ఎర్ర వరస నిండా టిక్కులే. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే స్టాంపులు వేసుకుంటున్న ఆ పిల్ల గుర్తొచ్చింది.

“ఇంటికెళ్లి అమ్మాయికి చెప్పండి మాస్టారూ” అన్నాను.

ఆ తర్వాత జరిగింది మర్నాడు ఆయనే చెప్పారు. భోజనాల దగ్గర అట్టా కాగితమూ ముందు పెట్టి, “నీది ఎరుపమ్మా. ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చెయ్. మోటార్ల కోర్సుకి నీకింకా వయసు దాటలేదు, రేపే వెళ్లి కనుక్కుంటాను” అన్నారట. తప్పు దిద్దుకోవడానికి కూడా ఆ అట్టనే పట్టుకు వేలాడారు మహానుభావుడు.

“అప్పుడు పసుపన్నావు, వెళ్లాను. ఇప్పుడు ఎరుపంటున్నావు” అందట ఆ పిల్ల. “నాకేం కావాలో ఎప్పుడైనా అడిగావా నాన్నా?”

మాస్టారు అట్టని పక్కకి నెట్టారట. చివరికి అడిగారు. “ఏం చేయాలనుందమ్మా నీకు?”

“అప్పుడు అడిగుంటే టక్కున చెప్పేదాన్ని” అందట. “ఇప్పుడు నాకే తెలీడం లేదు నాన్నా.”

ఈ మాట చెప్పి మాస్టారు నా ఎదుటే ఏడ్చారు.