బఠాణీలకు మార్కులు

మార్కుల మాస్టారికి ఉన్నది ఒకే ఒక్క బలహీనత. సూపర్ మార్కెట్ ఫ్రిజ్ అరల్లో పేర్చిన రెడీమేడ్ భోజనాల డబ్బాలు కంటబడితే చాలు, దిద్దకుండా వదిలేవారు కాదు. జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, డబ్బా వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, చీమకాళ్ళంత అక్షరాలు చదివి, పసుపు చీటీ మీద నూటికి ఇన్ని అని వేసి, అర అంచుకి అతికించి గానీ పక్క డబ్బా ముట్టుకునేవారు కాదు.

బళ్ళో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక దిద్దడానికి పేపర్లు లేక, చేతులు దురదపెట్టి ఇలా తగులుకున్నారని అందరూ అనుకునేవారు. ఫ్రిజ్ అక్క కూడా అలాగే అనుకుంది. ఫ్రిజ్ అక్క అంటే ఆ సెక్షన్ ఇన్‌ఛార్జి. పన్నెండేళ్ళుగా ఆ చల్లటి అరల ముందు నిలబడి నిలబడి మండువేసవిలో కూడా స్వెట్టరు విప్పని మనిషి. దుకాణంలో అందరికీ అక్కే. మేనేజరు చీవాట్లు పెట్టేటప్పుడు కూడా ‘అక్కా’ అనే మొదలుపెట్టేవాడు.

మాస్టారి పద్ధతి పకడ్బందీగా ఉండేది. ఉప్పుకి పాతిక, మాంసకృత్తులకి పాతిక, పీచుకి ఇరవై, కూరగాయలకి ఇరవై, నిజాయితీకి పది. పాసు మార్కు ముప్ఫై అయిదు.

“నిజాయితీ ఏమిటి మాస్టారూ, అన్నానికి?” అని అక్క ఒకసారి అడిగింది.

“మూత మీద బొమ్మలో బఠాణీలెన్ని? లెక్కపెట్టు.”

“పద్నాలుగు.”

“నిన్న ఇంటికి తీసికెళ్ళి విప్పాను. ఆరు. అందులో ఒకటి సగమే. దీన్ని మా బళ్ళో కాపీ కొట్టడం అనేవాళ్ళం. నిజాయితీకి సున్నా!”

ఆయన కోపమంతా అర డబ్బా లెక్క మీద ఉండేది. ఆ లెక్క కనబడిందంటే చుట్టుపక్కల బుట్టలు పట్టుకున్నవాళ్ళంతా ఆగాల్సిందే.

“ఇదిగో చూడమ్మాయ్. ఉప్పు ఒకటీ పాయింట్ ఎనిమిది గ్రాములని లావుగా వేశాడు. కింద సన్నగా ఏమని రాశాడు? ‘అర డబ్బాకి’! మొత్తం తిన్నవాడి గతేమిటి? మూడూ పాయింట్ ఆరు. మనిషికి రోజంతటికీ అయిదు చాలంటుంటే, ఒక్క పూటకే ఇంతా?”

“డబ్బా ఇద్దరికని రాశారు కదండీ.”

“ఈ గుప్పెడు అన్నం ఇద్దరికా? ఆ ఇద్దరూ పిచ్చుకలా?”

జనం నవ్వేవారు. నవ్వి, చేతిలోని డబ్బా మెల్లగా అరలో పెట్టేసి, చీటీ మీద యాభై దాటినదేదో వెతుక్కునేవారు. మేనేజరుకి మండేది అక్కడే.

ఇంత దుమ్మెత్తిపోసి, వెళ్ళేటప్పుడు మాస్టారు రోజూ ఒక డబ్బా కొనేవారు. అదీ ఆ పూట అందరికంటే తక్కువ మార్కులొచ్చినదే! ఇదేమి చోద్యమని అక్క అడిగితే ఒకటే జవాబు: “ఫెయిలైనవాళ్ళకే కదమ్మా ట్యూషను.”

గ్రేస్ మార్కు అన్న మాట మాత్రం ఆయన దగ్గర ఎత్తకూడదు. లోకంలో రాళ్ళు కరిగాయని చెబితే నమ్మొచ్చు, మార్కుల మాస్టారు అర మార్కు కలిపారంటే నమ్మడానికి లేదు. సొంత మేనల్లుడు ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోతే ఆగనిచ్చారు. వాళ్ళక్కగారు ఏడాదిపాటు ఈయనతో మాట్లాడలేదు. ఆ ఏడాదంతా ఇల్లు ప్రశాంతంగా ఉండి, ఇంకో పాతిక పేపర్లు ఎక్కువ దిద్దుకున్నానని చెప్పుకునేవారు.

ఒక సోమవారం మేనేజరు సెక్షన్‌కి వచ్చి, చేపల డబ్బా కింద ‘22, తల్లిదండ్రులను తీసుకురావలెను’ అన్న చీటీ పీకి అక్క చేతిలో పెట్టాడు.

“అక్కా, శుక్రవారం నుంచి ఆయన గుమ్మం తొక్కకూడదు. మీరే చెప్పండి. చెప్పలేకపోతే మీరు గోదాములో లారీలు దింపించుకుందురు గాని, ఈ సెక్షన్ ఇంకొకరు చూసుకుంటారు.”

పన్నెండేళ్ళ సెక్షను. అరలు తుడిచిన చెయ్యి, ఏ డబ్బా ఏ మూల ఉన్నా కళ్ళు మూసుకుని తియ్యగల చెయ్యి. అక్క మంగళవారం చెబుదామనుకుంది, బుధవారం చెబుదామనుకుంది. ఎదుటికొచ్చి “ఈ క్యారెట్టు ముక్క చూడమ్మాయ్, ఎంత చక్కగా ఉందో, దీనికి రెండు మార్కులు వెయ్యొచ్చు” అని పసిపిల్లాడిలా మురిసిపోయే మనిషితో ఎలా చెప్పడం?

గురువారం ఆయనే దారి చూపించారు. మార్కుల పుస్తకం అర మీద మరిచిపోయి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్క అది తెరిచింది. రోజూ కొనుక్కెళ్ళిన ప్రతి డబ్బాకీ తేదీ, ఎదురుగా రెండు గళ్ళు. మొదటి గడిలో ‘మొదటి ఎగ్జామినరు’: 22, 31, 30, 18, 27, 33, 25. రెండో గడిలో ‘రెండో ఎగ్జామినరు’: 0, 0, 0, 2, 3, 3, 5.

“అమ్మో,” అనుకుంది అక్క, “ఈయన్ని మించిన పిసినారి ఇంకొకడున్నాడన్నమాట!”

పుస్తకం అట్ట మీద చిరునామా ఉంది. వెళ్ళి పుస్తకం ఇచ్చి, ఆ పాడు మాటా అక్కడే చెప్పేద్దామని బయల్దేరింది.

లాండ్రీ పైన రెండో అంతస్తు. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి మీద ఆ పొద్దుటి ఫెయిలైన డబ్బా గిన్నెలోకి మారి ఉడుకుతోంది. మాస్టారు నడుముకి తువ్వాలు చుట్టుకుని అందులోకి చిక్కుడు గింజలు, ఆకుకూర, ఉప్పు వెయ్యని బంగాళాదుంప ముక్కలు వేస్తున్నారు. ట్యూషనంటే ఇదన్నమాట. బల్ల దగ్గర మెడలో టేపు వేసుకున్న బక్కపల్చటి మనిషి చెంచా పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“రామ్మా,” అన్నాడతను. “కింది వాటాలో దర్జీని. ఇక్కడ మాత్రం రెండో ఎగ్జామినర్ని. ఒక చేత్తో దిద్దితే అన్యాయమట, రెండు చేతులు పడాలట. నేను రాకపోతే మాస్టారి పని ఆగిపోతుంది. ఏం చేస్తాం, తప్పదు.”

“ఎక్కువ మాట్లాడకయ్యా, దిద్దు,” అన్నారు మాస్టారు.

దర్జీ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. “దుంపలు కత్తిరించింది మీరే కదూ? అంచులు వంకరగా వచ్చాయి.”

“అది సిలబస్‌లో లేదు. తిను.”

ఇంకో చెంచా. ఇంకొకటి. మాస్టారు పొయ్యి వైపు తిరిగి నిలబడ్డారు గానీ పెదవులు కదులుతున్నాయి. అక్క కూడా మనసులో లెక్కపెట్టింది. పదకొండు, పన్నెండు... చేతిలోని పుస్తకం తెరిచి చూసింది. నిన్నటి తేదీ ఎదురుగా రెండో గడిలో పంతొమ్మిది ఉంది.

అవి మార్కులు కావు. చెంచాలు.

అక్క పుస్తకం మొదటి పుటకి తిప్పి, వరసగా ఉన్న ఆ సున్నాల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసింది. దర్జీ చెయ్యి కడుక్కొస్తానని కింది వాటాకి వెళ్ళాక మాస్టారు గొంతు తగ్గించారు.

“వాళ్ళావిడ పోయాక కుట్టు మానేశాడు. తర్వాత తిండి మానేశాడు. భోజనం డబ్బా పట్టుకెళ్తే తలుపు తియ్యలేదు. పని పట్టుకెళ్ళాను, తీశాడు.”

“అంటే మీరు మార్కులు మొదలుపెట్టింది...”

“నిష్కారణంగా దిద్దడానికి నాకేం పిచ్చా?” అన్నారు మాస్టారు. గరిటె కడుగుతూ, “మొదట్లో లేదు. ఇప్పుడు కొంచెం పట్టుకుంది,” అని ఒప్పుకున్నారు.

అక్క మేనేజరు మాట చెప్పింది. మాస్టారు తువ్వాలు విప్పి మడతపెట్టారు. మడత కుదరక మళ్ళీ విప్పారు. ఇంకో దుకాణానికి రెండు బస్సులు మారాలి. ఆయన మోకాళ్ళు ఒక బస్సుకే మొరాయిస్తాయి.

“పేపర్లే రాకపోతే రెండో ఎగ్జామినరుతో పనేముంటుందమ్మాయ్? వాడు వెళ్ళి మళ్ళీ తలుపేసుకుంటాడు.”

అక్క స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంది. ఆమె అలా మడిచిందంటే ఏదో తేలినట్టే. “మాస్టారూ, మీ రోజుల్లో ఫలితాలు పేపర్లో వేసేవాళ్ళు కదా. ఫెయిలైనవాళ్ళ నంబర్లు వేసేవాళ్ళా?”

“ఎందుకు వేస్తారు? పాసైనవే వేసేవాళ్ళు. లేనివాడికి లేదని అర్థమయ్యేది.” అని ఆగిపోయారు. తర్వాత ఆయన ముఖం మొత్తం విచ్చుకుంది. “ఓసి నీ!”

సరిగ్గా అప్పుడే దర్జీ కింది నుంచి మూత పెట్టిన గిన్నె మోసుకొచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. “ఇవాళ పొద్దున్న... ఊరికే... సూప్ పెట్టాను. నేనే. అదీ దిద్దుతారేమోనని.”

అది సూప్ అని అతను చెప్పాడు కాబట్టి సరిపోయింది. అడుగంటిన వాసన వేస్తోంది, ఉప్పు రెండుసార్లు వేసిన సంగతి నాలుక మీద పడగానే తెలుస్తోంది. అక్క ఒక చెంచాతో ఆగిపోయింది. మాస్టారు గిన్నె మొత్తం ఖాళీ చేసి, ఎర్ర పెన్సిలు తీసి, చాలాసేపు ఆలోచించి చీటీ రాశారు.

శుక్రవారం పొద్దున్న అక్క మేనేజరు ఎదుట నిలబడింది. “ఇక అరలకి చీటీలుండవు సర్. ఒక్క బోర్డు. పాసైన డబ్బాల పేర్లే ఉంటాయి. ఫెయిలైన వాటి ఊసే ఉండదు.”

“పాసయ్యాయని మనమే రాసుకుంటే ఎవరు నమ్ముతారక్కా?”

“సొంత మేనల్లుడినే ఫెయిల్ చేసిన మనిషి సర్ దిద్దింది.”

మేనేజరు గడ్డం గోక్కుని, “సరే, ఒక్కరోజు చూద్దాం,” అన్నాడు. పాసైన డబ్బాలన్నీ సాయంత్రానికి ఖాళీ అయ్యాయి. ఆ రోజు నుంచి గోదాము మాట మళ్ళీ ఎత్తలేదు. పైగా ఓ మధ్యాహ్నం తన భోజనం డబ్బా పట్టుకుని అరల మధ్యకి వచ్చి, “మాస్టారూ, దీనికెంత వేస్తారు?” అని రహస్యంగా అడిగాడు. ఇరవై ఎనిమిది వేశారు.

అదంతా తర్వాతి సంగతి. ఆ శుక్రవారం బోర్డు మీద పేర్లు అతికిస్తుంటే మాస్టారు ఇచ్చిన చీటీల కట్టలో చివరిది అక్క చేతికి తగిలింది. ‘దర్జీ సూప్. ఉప్పు 4. మాంసకృత్తులు 7. పీచు 5. కూరగాయలు 5. నిజాయితీ 10. మొత్తం 35. పాసు.’

అక్క వేళ్ళ మీద కూడింది. నాలుగూ ఏడూ పదకొండు, పదహారు, ఇరవై ఒకటి, ముప్ఫై ఒకటి. మళ్ళీ కూడింది. ముప్ఫై ఒకటే.

మాస్టారు పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డు వంక కాకుండా బఠాణీల వంక చూస్తూ నిలబడ్డారు.

“మాస్టారూ,” అంది అక్క, “ఈ కూడిక...”

“రీకౌంటింగుకి గడువు నిన్నటితో అయిపోయిందమ్మాయ్,” అన్నారు మాస్టారు. “అతికించు.”