సర్వపిండి కూలి

నా చిన్నప్పుడు నాకు నల్లబల్లా గోడా ఒక్కలాగే కనబడేవి. పక్కపిల్ల పలక చూసి రాసేదాన్ని, మొద్దు అని పేరు పడింది. వరంగల్ కొత్తవాడలో మాది మగ్గం ఇల్లు. చదువు ఎక్కని పిల్లను బడి మాన్పించి, మగ్గానికి కండెల మీద నూలు చుట్టే పనిలో కూర్చోబెడదామని మా నాయనమ్మ తీర్మానించింది. నాకేమో బడంటే ప్రాణం.

అప్పుడు, బడిలో పిల్లల చూపు పరీక్షించి, మా ఇంటికొచ్చింది సోషల్ వర్కరమ్మ. హైదరాబాద్‌లో చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషి. పిల్ల మొద్దు కాదు, చూపు ఆనడం లేదు, మంగళవారం కంటి దవాఖానకు తీసుకురమ్మని చెప్పింది. నాయనమ్మ చాయ్ ఇవ్వబోతే వద్దంది. మా దగ్గర మొదటి వద్దు మర్యాద, రెండోది మొహమాటం, మూడోసారి అడిగితే తాగాలి. ఆమె మూడోసారీ వద్దే అంది. ఎవరింట్లోనూ ఏమీ పుచ్చుకోకూడదని వాళ్ల ఆఫీసు రూలట. మా ఇంటి చాయ్ ఆమెకు నామోషీ అనుకుని నాయనమ్మ మొహం ముడుచుకుంది. "సూద్దాం తియ్యి బిడ్డా" అంది.

మా ఇంట్లో సూద్దాం అంటే కుదరదని. ఆ సంగతి నాకు తెలుసు, మా మేకకూ తెలుసు. ఆమెకు తెలియదు, పాపం. వస్తారని రాసుకుని మంగళవారం పొద్దంతా దవాఖాన గేటు దగ్గర నిలబడింది.

బుధవారం ఎండన పడి వచ్చింది. వస్తామని చెప్పి ఎందుకు రాలేదని అడిగింది.

"సూద్దామన్న గని వస్తనన్ననా? మా ఇంట్ల నీళ్లు సుత ముట్టవు, నీ ఎంబడి పిల్లనెట్ల తోలియ్యాలె?" అని నాయనమ్మ ఎదురడిగింది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా బడి ఇక అయిపోయినట్టేనని నేనూ ఏడుపు అందుకున్నాను. పొయ్యి మీద సర్వపిండి, పల్లీలు కలిపి తట్టిన బియ్యప్పిండి రొట్టె, కాలుతోంది. ఆ వాసనకు సోషల్ వర్కరమ్మ కడుపు గుర్రుమంది, గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్న మా తాతయ్యకు కూడా వినబడేటంత.

"ఊకెనే తినుడు రూలు కాదు సరే. పనిజేసి తింటె ఏమన్న అడ్డమా బిడ్డా?" అన్నాడు తాతయ్య. ఆమె లేదంది. ఆయన రాట్నం ఆమె ముందుకు జరిపాడు.

ఒక్క కండె చుట్టడానికి గంట పట్టింది. తెగిన చోటల్లా ముడి, ముడి మీద ముడి. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కూలి కింద రెండు సర్వపిండ్లు పెట్టింది. మూడోదానికి ఆమె ఒక్కసారి వద్దంది. నాయనమ్మ మళ్లీ అడిగేలోపే తినేసింది.

"రేపు పొద్దుగాల్ల దవాఖానకు వస్తం" అంది నాయనమ్మ.

నాకు కళ్లద్దాలు వచ్చాయి. వాటితో ఇంట్లో మొదట చూసింది, ఆ కండె నూలుతో తాతయ్య నేసిన తువ్వాలనే. నిండా ముడులే. ఎవరు కొంటారు దాన్ని, నాకే ఇచ్చాడు.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లు నేనే బడిలో పాఠాలు చెప్పాను. అర్థమైందా అంటే పిల్లలు తలూపుతారు. మూడోసారి కూడా అడిగి, దగ్గరికి పిలిచి వాళ్లు రాసింది చూసేదాన్ని. ఆ తువ్వాల చిరిగి చేతిగుడ్డంత మిగిలింది. ఇప్పటికీ కళ్లద్దాలు దానితోనే తుడుచుకుంటాను. ముడులు తగిలి అద్దం గీరుకుపోతుందని మా కోడలు మెత్తటి గుడ్డ తెచ్చిచ్చింది. సూద్దాం తియ్యి అన్నాను.